తగరం కలిపిన సీసం

మా ఇంటి వెనక కొట్టు పడగొడుతున్నామని పోయిన నెల నాన్న ఫోన్ చేశాడు. ఆ జాగాలో రేకుల పందిరి వేసి కారు పెట్టుకుంటారట. నా పాత పుస్తకాలు ఇంకా అందులోనే ఉన్నాయని, వచ్చి తీసుకోకపోతే లారీవాడు చెత్తతో పాటు ఎత్తుకుపోతాడని చెప్పాడు. నేను కువాలా సెలంగోర్‌లో ఒక చిన్న గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. పుస్తకాలకి ప్లాస్టిక్ అట్టలు వేయడం, ఎవరైనా ఏదైనా అడిగితే వేలితో అర చూపించడం, ఇదే నా రోజంతా. మాట్లాడే అవసరం తక్కువ, అందుకే ఆ పని నాకు నచ్చింది. సెలవు పెట్టి మా ఊరు సుంగై సిపుట్ బస్సెక్కాను.

కొట్టు తలుపు తీయగానే ముందు వాసన వచ్చింది. తుప్పు, కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తి, పాత తుపాకి నూనె. మూడూ కలిస్తే మా తాత. ఆయన చనిపోలేదు. ముందుగదిలో మంచం మీదే ఉన్నాడు. కానీ ఇప్పుడు ఆయన దగ్గర పౌడరు వాసన, మందు వాసన తప్ప ఏమీ లేవు. అసలు మనిషి ఈ కొట్టులో ఉండిపోయినట్టు అనిపించింది. నా పుస్తకాల పెట్టె కింద ఒక పెద్ద పాలపొడి డబ్బా దొరికింది. ఎత్తబోతే లేవలేదు. మూత తీస్తే పైనే తాత తుపాకి గుండ్లు పోసే అచ్చు కనిపించింది. పట్టకారులాంటి ఇనప వస్తువు, రెండు పిడులు, నోట్లో రెండు చిన్న గుంటలు. దాన్ని తెరిచి మూశాను. ఇన్నేళ్ళకీ అదే శబ్దం, పళ్ళు కొరికినట్టు.

తాత రబ్బరు ఎస్టేటులో క్రాణి. అంటే లెక్కలు రాసే గుమాస్తా. రబ్బరు చెట్లు గీసి పాలు తీసేవాళ్ళు ఎండలో నిలబడితే నీడలో కుర్చీ వేసుకుని వాళ్ళ పేర్లు పిలిచే ఉద్యోగం. ఎస్టేటు అమ్ముడైపోయి అందరూ ఊళ్ళోకి వచ్చేసిన తర్వాత కూడా ఆయన ఖాకీ నిక్కరు, మోకాళ్ళదాకా మేజోళ్ళు వదల్లేదు. ఎస్టేటు దొర వెళ్ళిపోతూ తన వేట రైఫిలుని తాత పేరు మీదికి మార్పించాడట. ఆ తుపాకి మా ఇంట్లో దేవుడి గదికన్నా పెద్ద సంగతి. దేవుడి గదికి తాళం ఉండేది కాదు.

తుపాకి అడివి పందుల కోసం. మా ఊరి చివర కర్రపెండలం తోటల్లోకి, కొత్త పామాయిల్ మొక్కల్లోకి అవి గుంపులుగా దిగేవి. తాతని పిలవడానికి తోటలవాళ్ళు మోటారుసైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. లైసెన్సు మీద కొనుక్కోనిచ్చే తూటాలు తక్కువ కాబట్టి, పేల్చిన తూటా గొట్టాలని దాచి, గుండ్లు తనే పోసుకుని, వాటిని మళ్ళీ నింపుకునేవాడు. ఈ మాట బయట అనకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. నింపే పని తలుపేసుకుని చేసేవాడు, అది నేనెప్పుడూ చూడలేదు. పోసే పని మాత్రం ఆదివారం పొద్దున కొట్టు చూరు కింద, అందరూ చూస్తుండగానే జరిగేది.

ఆ పొద్దులు నాకు బాగా గుర్తు. కోపి తాగి తాత కుంపటి రాజేసేవాడు. టైర్ల షాపు నుంచి తెచ్చిన సీసపు బిళ్ళలు ఇనప మూకుడులో పడేసేవాడు. నానమ్మ వంటింటి కిటికీ మూయించేది. ఆ పొగ కూరల మీద పడకూడదని ఆమె భయం. సీసం కరిగేటప్పుడు ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఉన్నట్టుండి బిళ్ళ కాళ్ళు తడబడినట్టు కూలిపోతుంది. అప్పుడు తాత నా వైపు చెయ్యి చాపేవాడు. దేవుడి దగ్గర కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్క అందించడం నా పని. అది మూకుట్లో వేస్తే భగ్గున మండి, నల్లటి తెట్టు పైకి వచ్చేది. తెట్టు తీసేశాక కింద అద్దం. అందులో ఆకాశం కనపడేది. చిన్న గరిటెతో అచ్చులో పోసి, చెక్క ముక్కతో తట్టి, అచ్చు తెరిస్తే గుండ్లు తడి గోనెగుడ్డ మీద పడి సుయ్యిమనేవి.

మొదటి గుండ్లు ఎప్పుడూ పాడే. అచ్చు ఇంకా చల్లగా ఉంటుంది కదా, లోహం పూర్తిగా పాకకుండానే గట్టిపడి ముడతలు పడుతుంది. తాత ఒక్కొక్క గుండుని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ముడత" అని మళ్ళీ మూకుట్లోకి విసిరేసేవాడు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది అక్కడే. మూకుడు వేడెక్కేదాకా ఆయనకి పని ఉండదు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని గుణింతాలు చెప్పించేవాడు. మా ఊరి పిల్లల్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఇప్పుడు రోజూ రాత్రి నేను డైరీ రాసుకునే అక్షరాలు ఆయన పెట్టినవే, ఆ మాట దాచడం అన్యాయం. కానీ నోరు తడబడితే ఆయన నన్ను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. గుండుని చూసినట్టే చూసి "ముడత, మళ్ళీ సెప్పు" అనేవాడు. నేను మళ్ళీ చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి ఒక మాట బయటికి వచ్చేముందు నోట్లోనే తిప్పి చూసుకోవడం అలవాటైంది. చాలా మాటలు ఇప్పటికీ లోపలే ఆగిపోతాయి.

ఒట్టి సీసంతో మంచి గుండు రాదు. మెత్తగా ఉంటుంది, అచ్చు అంచుల్లోకి పోదు. దానికి కొంచెం తగరం కలపాలి. "సారులో ఇంగువంత" అనేవాడు తాత, చారుని ఆయన అలాగే అనేవాడు, మాట చివర ఇక్కడివాళ్ళలా ఒక “లా” కూడా తగిలించేవాడు. తగరం పడితే సీసం నీళ్ళలా పాకుతుంది, గుండు మీద అచ్చులోని ప్రతి గీతా దిగుతుంది. ఇందులో విచిత్రమేమిటంటే మా జిల్లా మట్టే తగరం. ఇపో చుట్టూ కనపడే చెరువులన్నీ తవ్వేసి వదిలేసిన తగరపు గనులు. అయినా చేతికి తగరం కావాలంటే తాత ఇపోలో ఒక చీనా ముసలాయన దగ్గరికి వెళ్ళేవాడు. ఆయన పాత తగరం సామాను కరిగించి దీపాలు పోసేవాడు. ఒక ఏడాది ఆయన షాపు మూసేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తాత గుండ్లలో ముడతలు ఎక్కువయ్యాయి, మాటల్లో కూడా.

మా అమ్మ సరోజది తెలుక్ ఇంటాన్. అమ్మ తండ్రిది తెలుగు, తల్లి మీనాచ్చిది తమిళం. ఇంట్లో మాట్లాడింది తమిళమే కాబట్టి పెళ్ళయి వచ్చాకే అమ్మ తెలుగు నేర్చుకుంది. నానమ్మ ఆమెని పేరు పెట్టి పిలిచింది తక్కువ. "అరవదాయి" అనేది, అదీ ఎదురుగానే, నవ్వుతూనే. పిల్లనిచ్చేటప్పుడు మీనాచ్చి అమ్మమ్మ నగలు పెద్దగా పెట్టలేకపోయింది. తను చారు కాచే ఈయచొంబు ఇచ్చింది. అది ఒట్టి తగరంతో చేసిన చెంబు. అమ్మమ్మ తల్లి ఈ దేశానికి ఓడలో వచ్చినప్పుడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నదట. అందులో కాచిన చారుకి ఇంకే గిన్నెలోనూ రాని రుచి వస్తుంది. చూడటానికి ఏమీ ఉండదు, బూడిద రంగు, అక్కడక్కడ సొట్టలు. అంచు మీద చుక్కల చుక్కలుగా కొట్టిన తమిళ అక్షరాలు, మీనాచ్చి అని.

ఆ చెంబుతో ఒక భయం ఉంది. తమిళుల ఇళ్ళలో కొత్తకోడళ్ళందరికీ ఆ భయం నేర్పుతారు. లోపల చింతపండు నీళ్ళు ఉన్నంతసేపు మంట దాన్ని ఏమీ చేయదు. ఒట్టి చెంబుని పొయ్యి మీద పెట్టి అటు తిరిగామంటే, ఇటు తిరిగేసరికి చెంబు ఉండదు, వెండి మడుగు ఉంటుంది. నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చిన మొదటి రోజునే అమ్మ ఈ పాఠం చెప్పింది. నీళ్ళు ముందు, నిప్పు తర్వాత. చారు అయిపోగానే చెంబుని కడిగి, తుడిచి, పై అరలో బోర్లించేది. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు బోర్లించేది.

అమ్మ చారు ఊళ్ళో పేరు తెచ్చుకుంది. గుడిలో అన్నదానానికి ఆమెనే పిలిచేవాళ్ళు. అలా ఒకసారి తిన్న తమిళ బడి హెడ్మాస్టరమ్మ, బడి కాంటీను నడిపే ముసలమ్మ మానేస్తోందని, నువ్వు తీసుకుంటావా అని అమ్మని అడిగింది. ఆ వారం అమ్మ నడక మారిపోయింది. ఏ రోజు ఏ పలారం పెట్టాలో నాతో చెప్పుకుంటూ బట్టలు ఆరేసేది. నాన్న సరేనన్నాడు. తాత కంచం ముందు కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, క్రాణి కోడలు స్కూలు పిల్లలకి గరిటె తిప్పుతుందా అని ఒకే ఒకసారి అన్నాడు. నాన్న కాలం మారిందన్నాడు. తాత చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆయన అంతటితో ఊరుకోవడం మాకు కొత్త.

మరికొన్ని రోజులకి, నన్ను బడి వ్యాను ఎక్కించి, అక్కడే కూరలబండి దగ్గర కాసేపు ఆగి, అమ్మ ఇంటికి వెళ్ళింది. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. దాని మీద ఏమీ లేదు. బర్నరు చుట్టూ వెండిలాంటిది కారి, గట్టిపడి ఉంది. పై అరలో చెంబు లేదు. ఇదంతా ఆ తర్వాత మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో, నేను అక్కడే నిలబడి చూసినట్టే ఉంటుంది. అమ్మ తను పొయ్యి ముట్టించలేదని అంది. చెంబు అరలోనే ఉందని అంది. నానమ్మ జపమాల తిప్పుతూ, "నువ్వే ఎట్టినావు, నాను సూసినాను" అంది. తాత పేపరు మడిచి వచ్చి, ఆ గడ్డని స్క్రూడ్రైవరుతో పెకలించి, పారేస్తానని తీసుకుపోయాడు. అంత చెంబు కరిగితే ఇంత గడ్డేనా అని ఎవరూ అడగలేదు. మిగతాది బర్నరు కన్నాల్లోకి పోయిందని తాతే చెప్పాడు.

సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ వంటింటి నేల మీద కూర్చుని తన రెండు చేతులూ చూసుకుంటోంది. ఏడవడం లేదు. పొద్దున ఏ చెయ్యితో ఏ పని చేసిందో గుర్తు చేసుకుంటోందని ఇప్పుడు అర్థమవుతోంది. మర్నాటికి ఆమె మాట కొంచెం మారింది, పెట్టలేదనే అనుకుంటున్నానంది. వారం తిరిగేసరికి, పెట్టే ఉంటానంది. ఒక పొయ్యి చూసుకోలేనిదానివి, అంతమంది పిల్లలకి మరిగే నూనె దగ్గర ఎలా నిలబడతావని నానమ్మ అడిగిందట. కాంటీను వద్దని హెడ్మాస్టరమ్మకి చెప్పడానికి అమ్మే స్వయంగా వెళ్ళింది. తన మీద తనకి నమ్మకం లేదని చెప్పి వచ్చింది.

ఆ ఆదివారం గుండ్లన్నీ అద్దాల్లా వచ్చాయి. ముడత ఒక్కటీ లేదు. తాత ఏదో పాత పాట కూనిరాగం తీశాడు. నా గుణింతం తప్పినా మళ్ళీ చెప్పమనలేదు. ఆ పొద్దు నాకు ఎన్నో ఏళ్ళు మంచి జ్ఞాపకంగానే ఉండిపోయింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక ఆట మొదలైంది. అందరం బయటికి బయలుదేరి, కారు గేటు దాటాక, ఒక్కోసారి ఊరే దాటాక, తాత ముందుసీటులో నుంచి వెనక్కి తిరగకుండా, నెమ్మదిగా, "పొయ్యి ఆర్పినావా, కోడలా?" అని అడిగేవాడు. అమ్మ వేళ్ళు ఒళ్ళో పొయ్యి మీట తిప్పినట్టు తిరగడం పక్కన కూర్చున్న నాకు కనపడేది. ఆర్పాను మామా అనేది. కాసేపటికి, ఆర్పాననే అనుకుంటున్నాను అనేది. ఇంకాసేపటికి నాన్న కారు తిప్పేవాడు. ప్రతిసారీ పొయ్యి చల్లగా ఉండేది. నానమ్మ నవ్వేది. చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ళ ముందు ఈ కథలే చెప్పేవాళ్ళు, తల్లి ఇచ్చిన చెంబు కాల్చుకుతిన్న కోడలని. అమ్మ కూడా నవ్వేది, కోపి కప్పులు అందిస్తూ.

అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. అతని పెళ్ళి తెలుక్ ఇంటాన్‌లో. తల్లి అప్పటికే లేదు కాబట్టి తాళి కట్టేటప్పుడు పక్కన నిలబడాల్సింది అక్కే. ఎర్ర పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, తెల్లవారకముందే అమ్మ తయారై కూర్చుంది. బయలుదేరేముందు నన్ను కూడా వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యి చూపించింది, నువ్వు సాక్షివి అంది. ఇపో దాటాం. తాత దగ్గాడు. ఆ దగ్గుకే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పొయ్యి ఆర్పినావా, కోడలా?"

"ఆర్పినాను మామా. పాప సూసింది."

"పాప సూసినాదా? సిన్నపిల్ల. దానికేటి తెలుస్తాది లా."

నేను చూశానని చెప్పాను. మాట తడబడింది. తాత వెనక్కి తిరిగి నన్ను చూశాడు, ముడత పడ్డ గుండుని చూసే చూపు. ఏమీ అనక్కర్లేకపోయింది. పెళ్ళి ఇంటివాళ్ళకి ఆలస్యమవుతుందని ఫోన్ చేద్దామని, మన పక్కింటివాళ్ళని వెళ్ళి చూడమందామని నాన్న అన్నాడు. ఇంటి తాళాలు మా దగ్గరే ఉన్నాయని, గాసు అంటుకుంటే పక్కింటివాళ్ళు కూడా పోతారని తాత అన్నాడు. చివరికి కారు తిప్పమన్నది అమ్మే. ఇంటికి వెళ్ళాం, పొయ్యి చల్లగా ఉంది, మళ్ళీ బయలుదేరాం, దారిలో వాన. మేం మండపంలోకి అడుగుపెట్టేసరికి తాళి కట్టడం అయిపోయి అందరూ భోజనాలకి లేస్తున్నారు. మామయ్య వచ్చి, అక్కా ఆగమన్నాను, అయ్యరు ముహూర్తం దాటిపోతుందన్నాడు అని చెప్పాడు. అమ్మ అతని మెడలో దండ సర్దింది. తాత మొదటి పంక్తిలో కూర్చుని చారు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. సరోజ చారంత బాగా లేదని పక్కవాళ్ళతో అన్నాడు. అమ్మ గురించి బయటివాళ్ళ దగ్గర ఆయన ఒక మంచి మాట అనగా నేను విన్నది అప్పుడే.

ఇప్పుడు అవేవీ లేవు. కర్రపెండలం తోటలు ఇళ్ళ స్థలాలయ్యాయి, పందులు ఎటో పోయాయి. తాత కళ్ళు మసకబారాక లైసెన్సు తిరిగి రాయించలేక, రైఫిలుని పోలీసు స్టేషన్లో అప్పగించి వచ్చాడు. ఆ రోజు అన్నం తినలేదు. నానమ్మ పోయింది. అమ్మ జుట్టు నెరిసింది. తాతని లేపడం, తుడవడం, తినిపించడం అంతా ఆమే. మధ్యాహ్నం ఒక గ్లాసుడు చారు లేకపోతే ఆయనకి ముద్ద దిగదు, స్టీలు గిన్నెలో కాచిన చారే. అమ్మకి ఫోన్ కొనిచ్చినప్పుడు నేను మామయ్య పిల్లల ఫొటోలు తీసుకుంటుందనుకున్నాను. ఒకసారి ఏదో వెతుకుతూ ఆ ఫోన్ తెరిస్తే అన్నీ పొయ్యి ఫొటోలే. బయటికి వెళ్ళిన ప్రతిసారీ ఆపేసిన మీటల్ని ఫొటో తీసుకుంటుంది. వేలితో తోస్తూ పోతే అవే మీటలు, అదే గోడ, కింద వేరువేరు తేదీలు. వెనకటి రోజుల్లో కారు తిప్పాల్సి వచ్చేది, ఇప్పుడు ఫోన్ చూసుకుంటే చాలు. ఇదీ మా ఇంటికి వచ్చిన మార్పు.

పాలపొడి డబ్బాలో అచ్చు కింద గరిటె, దాని కింద టైరు బిళ్ళలు. అడుగున నూనెగుడ్డలో ఏదో చుట్టి ఉంది. విప్పితే అరచేతిలో పట్టేంత వంపు ముక్క. బూడిద రంగు. ఒక పక్క గుండ్రటి అంచు, రెండో పక్క ఆకురాయి గీతలు, రంపం పళ్ళ గీతలు, తిన్నగా, ఓపికగా కోసినవి. వెలుతురులోకి తెచ్చి చూశాను. అంచు మీద చుక్కలతో కొట్టిన తమిళ అక్షరాలు. మీ, నా. తర్వాతి అక్షరం సగంలో తెగిపోయింది.

కరిగిన చెంబుకి అంచు మిగలదు, రంపం గీతలు అసలే ఉండవు. కొట్టు గడప మీద చాలాసేపు కూర్చున్నాను. నేను తాతతో ఎదురుగా మాట్లాడిన మనిషిని కాదు. ఏం అడగాలో నోట్లో తిప్పుకుని తిప్పుకుని, చివరికి మాట దొరక్క ముందుగదిలోకి వెళ్ళి ఆ ముక్కని ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన చూడలేదు. చూడలేడు కూడా. బొటనవేలితో రుద్దాడు, ఎగరేసి బరువు చూశాడు.

"తగరం," అన్నాడు. "మంచి తగరం. ఎక్కడ దొరికినాది?"

"నీ డబ్బాలో, తాతా."

బొటనవేలు అక్షరాల మీదికి వెళ్ళి ఆగింది. ఆయన మొహం వెలిగింది. "ఇంకా మిగిలినాదా? అయిపోయినాదనుకున్నాను లా."

"అమ్మ పొయ్యి మీద వదల్లేదు కదా?"

"మీ అమ్మా? అది కడిగింది, తుడిసింది, బోర్లించింది. శుబ్బరంగా బోర్లించింది." మెచ్చుకున్నట్టే అన్నాడు. దగ్గు వచ్చి ఆగాడు. "కాంటీనంట. నా కోడలు గరిటట్టుకుని నిలబడితే ఎస్టేటోళ్ళు నవ్వరా? నాను వొద్దంటే మీ నాన్న ఇనడు. అదే వొద్దనుకోవాల. అనుకున్నాది. నాకు తగరమూ కావాల్సొచ్చినాది."

ఆ ముక్కని నా వైపు చాపాడు.

"సెప్పుకో, పోయి మీ అమ్మకి సెప్పుకో. ఏటవుతాది ఇప్పుడు? నాను పోసిన గుండు వంకర తిరగదు."

చెప్పాల్సిన పని లేకపోయింది. గుమ్మంలో అమ్మ చారు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. లోపలికి వచ్చి, గ్లాసు స్టూలు మీద పెట్టి, తాత వీపు కింద దిండు సర్దింది. తువ్వాలు మెడకి చుట్టింది. చెంచాతో ఒక్కొక్క గుక్కా పట్టింది, గడ్డం మీద కారితే తుడిచింది. ఆయన నోరు తెరుస్తూ, మింగుతూ, మధ్యలో కారం తగ్గిందన్నాడు. సరే మామా, రేపు చూస్తానంది. గ్లాసు పూర్తయ్యేదాకా నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె చెయ్యి వణుకుతుందేమో, గ్లాసు జారుతుందేమో అని చూశాను. ఏమీ జరగలేదు.

వంటింట్లో గ్లాసు కడిగి బోర్లించాక చెయ్యి చాపింది. ముక్క ఇచ్చాను. చుక్కల మీద వేలు పెట్టి చదివింది, చిన్నపిల్లలు చదివినట్టు.

"ఇది మా అమ్మ పేరు, కన్నూ."

"అవునమ్మా."

"అప్పో, అంటే నేను మరిచిపోలేదా?"

"లేదమ్మా. నువ్వు బోర్లించావు."

ఆ మాట నిజమో కాదో లోపల ఎక్కడో వెళ్ళి చూసుకుంటున్నట్టు కాసేపు నిలబడింది. ఆ తర్వాత ముక్కని కడిగింది, తుడిచింది, పై అరలో పెట్టింది. ఒకప్పుడు చెంబు బోర్లించిన చోట. సాయంత్రం నాన్న రాగానే నేను చెప్పాను. ఆయన చాలాసేపు మెడ గోక్కున్నాడు. ముసలోడు మతి లేకుండా ఏదో అంటాడని, ఎప్పటి చెంబో ఇప్పుడెందుకని, పందిరికి రేకులు రేపే దిగుతాయని అన్నాడు. అమ్మ నాకు బస్సులో తినడానికి అన్నం కడుతోంది. తల ఎత్తలేదు.

పక్కింటావిడని తాత దగ్గర కూర్చోబెట్టి, నన్ను బస్సెక్కించడానికి ఇద్దరూ వచ్చారు. నా పుస్తకాల పెట్టె డిక్కీలో పెట్టాను. అమ్మ ముందుసీటులో కూర్చుని బెల్టు పెట్టుకుంది. నాన్న ఇంజను తిప్పాడు. కారు గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మ బెల్టు విప్పింది. ఒక్క నిమిషం అని దిగి లోపలికి వెళ్ళింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది, ఫోన్ క్లిక్కుమన్న శబ్దం కారు దాకా వినిపించింది. ఆ తర్వాత మళ్ళీ ఒకసారి. తిరిగి వచ్చి కూర్చుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూసుకుంటూ ఊరు దాటింది. దారిలో ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఎవరూ అడగక్కర్లేదు.